సణుగు, మూలుగు, మొఱ్ఱ: తెలుగు బైబిలులో సాటి విశ్వాసిపై ఫిర్యాదు – పదపరిశీలన

ప్రవేశిక

తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరచుగా వినిపించే హితవుల్లో 'సణగకూడదు' అన్నది ఒకటి. సాటి విశ్వాసి వల్ల నొచ్చుకున్నవాడు ఆ నొప్పిని నలుగురిలో చెప్పుకోరాదని, ఓర్చుకొని ప్రార్థించాలని, తీర్పు దేవునికి విడిచిపెట్టాలని ఈ హితవు సారాంశం. దీనికి ఆధారంగా యాకోబు పత్రిక ఐదవ అధ్యాయం తొమ్మిదవ వచనాన్ని చూపుతారు. విశ్వాసులు ఒకరిమీద ఒకరు సణుగుకోవడాన్ని ఆ వచనం నిషేధిస్తుంది. న్యాయాధిపతి గుమ్మం దగ్గరే ఉన్నాడని హెచ్చరిస్తుంది.

ఈ నిషేధం దేనికి వర్తిస్తుంది? ఫిర్యాదుకే వర్తిస్తుందా, ఫిర్యాదు చేసే ఒక పద్ధతికి మాత్రమేనా? ప్రశ్న వేదాంతానిదిగా కనిపించినా దానికి జవాబు చాలావరకు భాషలో ఉంది. మూలగ్రంథంలో వేరువేరుగా ఉన్న మాటలు అనువాదంలో ఒకే మాటగా కలిసిపోతాయి. మూలంలో ఒకటిగా ఉన్న మాట అనువాదంలో పలు మాటలుగా విడిపోతుంది. ఈ కలయికలు, విడిపోవడాలు పాఠకుని నైతిక అవగాహనను తీర్చిదిద్దుతాయి. భారత బైబిలు సమాజం ప్రచురణగా తెలుగు సంఘాల్లో విస్తృతంగా చదివే పాత అనువాదంలో ఫిర్యాదుకు సంబంధించిన పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరడంతో మొదలైన అనువాద కృషిని, 1818లో శ్రీరాంపురంలో అచ్చయిన తెలుగు కొత్త నిబంధనను తెలుగు వచన చరిత్రకారులు ప్రస్తావిస్తూనే ఉన్నారు. ఆ ప్రస్తావన సాధారణంగా వచన వికాసానికి, అచ్చు చరిత్రకు పరిమితం. ఈ గ్రంథం ప్రతి ఆదివారం బిగ్గరగా చదివే పాఠం. దానిలోని ఒక క్రియాపదం వేలమంది నడవడికను నిర్దేశించగలదు. ఆ కోణంలో దాని పదాల ఎంపికను పరిశీలించడం సాహిత్య విమర్శ పనే.

తెలుగులో సణుగు

సణుగు, గొణుగు, నసుగు అన్నవి ఒకే కుటుంబానికి చెందిన ధ్వన్యనుకరణ క్రియలు. మూడింటిలోనూ మాట ఉంది, స్పష్టత లేదు. నసిగేవాడు చెప్పడానికి సంకోచిస్తాడు. గొణిగేవాడు తనలో తాను మాట్లాడుకుంటాడు. సణిగేవాడు ఎదుటివాడికి వినబడీ వినబడనట్టుగా అసంతృప్తిని వెళ్లగక్కుతాడు. అసంతృప్తి ఉంది, దానికి కారకుడూ ఉన్నాడు. అయితే ఆ మాట కారకుణ్ణి సూటిగా చేరదు. అది చిరునామా లేని ఫిర్యాదు.

ఈ క్రియకు వాడుకలో ఒక దిశ కూడా ఉంది. పనివాడు సణుగుతాడు, యజమాని సణగడు, అతడు కేకలేస్తాడు. కోడలు సణుగుతుందంటారు, అధికారం చేతిలో ఉన్నంతకాలం అత్త సాధిస్తుందంటారు. ఆ అత్తే వయసుడిగి కొడుకు పంచన చేరితే ఆమె మాటా సణుగుడే అవుతుంది. అంటే సణుగుడు అన్న పేరు మాటలోని విషయాన్ని బట్టి వచ్చేది కాదు, మాట్లాడేవారి స్థానాన్ని బట్టి వచ్చేది. పైగా ఆ పేరు పెట్టేది వినేవాడే. తన మాటను తానే సణుగుడని చెప్పుకొనేవారు అరుదు. ఒక ఫిర్యాదును సణుగుడు అన్న క్షణంలోనే దాని యోగ్యతపై సగం తీర్పు వెలువడినట్లే.

ఒక గ్రీకు క్రియ, నాలుగు తెలుగు మాటలు

కొత్త నిబంధనలో సణుగుకు సాధారణంగా మూలమైన గ్రీకు క్రియ 'గొంగుజో'. ఇది కూడా ధ్వన్యనుకరణ పదమే. ద్రాక్షతోట కూలీలు యజమానిమీద సణిగిన చోట (మత్తయి 20:11), అరణ్యంలోని ఇశ్రాయేలీయుల్లా సణగవద్దని పౌలు కొరింథీయులను హెచ్చరించిన చోట (1 కొరింథీ 10:10), సణుగుకోకుండా ఆతిథ్యమివ్వమని పేతురు చెప్పిన చోట (1 పేతురు 4:9) ఈ క్రియ గాని, దాని నామరూపం గాని ఉంది. వీటన్నిటికీ తెలుగు అనువాదకులు సణుగునే వాడారు. ఈ ఎంపిక ధ్వనిలోనూ అర్థంలోనూ సముచితం.

యాకోబు 5:9లో ఉన్న గ్రీకు క్రియ ఇది కాదు. అక్కడ ఉన్నది 'స్తెనాజో'. దీని ప్రధానార్థం బాధతో మూలగడం, నిట్టూర్చడం. ఇదే క్రియ ఇతర స్థలాల్లో తెలుగులో ఎలా వచ్చిందో చూస్తే అనువాదకుల మనసు కొంత అర్థమవుతుంది. చెవిటివాణ్ణి స్వస్థపరిచేముందు యేసు ఆకాశంవైపు చూచి చేసిన పని ఇదే క్రియ. అక్కడ అది 'నిట్టూర్పు' (మార్కు 7:34). విమోచన కోసం విశ్వాసులు తమలో తాము చేసేదీ ఇదే. అక్కడ అది 'మూలుగు' (రోమా 8:23). సంఘ నాయకులు తమ పనిని ఎలాంటి మనస్థితిలో చేయాల్సి రాకూడదో చెప్పే చోటా ఇదే క్రియ. అక్కడ అది 'దుఃఖము' (హెబ్రీ 13:17). సాటి విశ్వాసిమీద విశ్వాసి చేసిన చోట మాత్రం అది 'సణుగు' అయింది.

ప్రభువు చేస్తే నిట్టూర్పు, విశ్వాసులు దేవుని ఎదుట చేస్తే మూలుగు, నాయకుడు చేస్తే దుఃఖం, తోటివాడిమీద తోటివాడు చేస్తే సణుగు. ఇది అనువాద దోషమని తీర్మానించడం తొందరపాటు. 'ఒకరిమీద ఒకరు' అన్న అర్థాన్నిచ్చే పదబంధం యాకోబు వాక్యంలో ఉండటం వల్ల ఆ మూలుగు నిందగా మారిందని భావించడానికి ఆధారముంది. ఒక క్రియ సందర్భాన్నిబట్టి పలు పర్యాయాలు పొందడం కూడా అనువాదంలో సహజమే. అయినా ఒక నష్టం జరిగిన మాట నిజం. మూలుగు అనే మాటలో బాధ ముందు వినబడుతుంది. సణుగు అనే మాటలో దురుసు ముందు వినబడుతుంది. గ్రీకు వాక్యం వినేవాడికి ఆ ఫిర్యాదు వెనుక ఒక గాయముందన్న స్ఫురణ కలిగే వీలుంది. తెలుగు వాక్యం వినేవాడికి ఆ గాయం కనబడదు, ఒక దుర్గుణం మాత్రమే కనబడుతుంది.

మూడు సణుగుళ్లు

తెలుగు బైబిలులో ఒకే పేరు పొందిన సణుగుళ్లు ఒకే జాతివి కావు. మూడు ఉదాహరణలు ఈ భేదాన్ని చూపుతాయి.

మొదటిది నిర్గమకాండం పదహారవ అధ్యాయంలోని అరణ్య సణుగుడు. ఐగుప్తు దాస్యం నుండి విడుదలైన ప్రజలు ఆకలికి తాళలేక మోషే అహరోనులమీద సణుగుతారు. దాస్యంలో తిన్న తిండిని తలచుకుంటారు. ఆకలి నిజమే. తప్పు జ్ఞాపకంలో ఉంది: తమను బానిసలుగా ఉంచిన నేలను వారు అన్నం పెట్టిన నేలగా గుర్తుంచుకున్నారు. ఇంత తప్పు ఉన్నా, ఆ సణుగుడుకు ఆ అధ్యాయంలో వచ్చిన మొదటి జవాబు ఆహారమే.

రెండవది లూకా సువార్త పదిహేనవ అధ్యాయంలోని పరిసయ్యుల సణుగుడు. యేసు పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడన్నది వారి అభ్యంతరం. ఇక్కడ సణిగేవారు అణగారినవారు కారు, మర్యాదస్తులు. వారికి కలిగిన హాని ఏదీ లేదు. మరొకరికి దక్కిన చోటు చూసి ఓర్వలేకపోవడమే వారి ఫిర్యాదు. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, దారితప్పిన కుమారుడు అనే మూడు ఉపమానాలూ ఈ సణుగుడుకు ఇచ్చిన సమాధానాలే.

మూడవది అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలోనిది. సాటి విశ్వాసులపై ఫిర్యాదుకు కొత్త నిబంధనలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు. యెరూషలేము సంఘంలో అనుదిన పంపిణీ జరుగుతున్నది. అందులో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతున్నదని గ్రీకుభాష మాట్లాడే యూదులు హెబ్రీయులమీద సణుగుతారు. తెలుగు అనువాదం వారి మాటను సణుగుడే అన్నది. వారికి జరిగిన అన్యాయాన్ని మాత్రం 'చిన్నచూపు' అన్నది. గ్రీకు క్రియకు పట్టించుకోకుండా దాటవేయడం అన్నంత అర్థమే ఉంది. చిన్నచూపు అంతకంటె తీవ్రమైన మాట. పొరపాటును కాక తక్కువచేసి చూడడాన్ని అది సూచిస్తుంది. ఫిర్యాదు గొంతును తగ్గించిన అనువాదం, ఫిర్యాదులోని విషయాన్ని బలపరిచింది.

అపొస్తలులు ఆ ఫిర్యాదుదారులను సణగవద్దని మందలించలేదు. శిష్యులందరినీ పిలిచి సభ జరిపారు. పంపిణీ బాధ్యతకు ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. ఎన్నికైన స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు అనే ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. పేర్లనుబట్టి చూస్తే, ఫిర్యాదు చేసిన పక్షానికే పంపిణీ అప్పగించినట్లు కనబడుతుంది. సణుగుడుగా మొదలైన మాట, వినే చెవి దొరకగానే ఒక వ్యవస్థగా మారింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే సణుగుడు అన్న పేరొక్కటే నేరనిర్ధారణకు చాలదని స్పష్టమవుతుంది. ఎవరు, ఏ హాని వల్ల, ఎవరిని ఉద్దేశించి అన్నారన్న మూడు ప్రశ్నలు అడగనిదే ఆ మాట యోగ్యత తేలదు.

గద్దింపు దిశ

సణగకూడదన్నప్పుడు గాయపడిన విశ్వాసి ఏం చేయాలి? మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయం (15–17) ఇందుకు మూడు మెట్ల క్రమం చెబుతుంది. మొదట తప్పు చేసినవాడి దగ్గరకు ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. అంటే ఫిర్యాదు ఇక్కడ నిషిద్ధం కాదు, విధి. తప్పు చేసినవాడి పరువును కాపాడుతూనే, తప్పును దాచకుండా ఉండే విధానమిది. మొదటి మెట్టు ఏకాంతం కావడం వల్ల పుకారుకు తావు లేదు. చివరి మెట్టు సంఘం కావడం వల్ల బలవంతుడికి తప్పించుకొనే దారి లేదు.

మొదటి మెట్టులో చేయాల్సిన పనిని తెలుగు అనువాదం 'గద్దించు' అన్నది. గద్దించడం పైనుంచి కిందికి సాగే క్రియ. తండ్రి కొడుకును, గురువు శిష్యుణ్ణి గద్దిస్తాడు. ఇదే అనువాదంలో యేసు గాలిని, సముద్రాన్ని గద్దిస్తాడు (మత్తయి 8:26). అక్కడ గ్రీకు క్రియ వేరు, 'ఎపితిమావో'. మత్తయి 18:15లో ఉన్నది 'ఎలెంఖో'. తప్పును వెల్లడిచేసి ఒప్పించడం దాని అర్థం. ఈ రెండవ క్రియే యోహాను సువార్తలో 'ఒప్పుకొనజేయు' (16:8) అనీ, 'స్థాపించు' (8:46) అనీ తెలుగులోకి వచ్చింది. సోదరుని తప్పును గూర్చి లూకా 17:3లో ఉన్న క్రియ మాత్రం ఎపితిమావోయే. ఆ వాక్యానికి గద్దించు సరిగ్గా నప్పుతుంది. మత్తయి వాక్యానికీ అదే మాట రావడం రెండు సువార్తల వాక్యాలను సమన్వయపరచే ప్రయత్నం కావచ్చు.

ఫలితం మాత్రం గమనించదగినది. కూలివాడు తన సంఘపెద్దను గద్దించగలడా? పేద విధవరాలు పాస్టరును గద్దించగలదా? తెలుగు వాడుకలో ఆ వాక్యమే ఎబ్బెట్టుగా వినబడుతుంది. 'ఒప్పుకొనజేయు' అని ఉంటే అది ఎవరైనా ఎవరినైనా చేయదగిన పనిగా తోచేది. ఫిర్యాదుకు తెలుగు పాఠకుని ముందు రెండు మాటలే మిగిలాయి. కిందివాడు పలికితే సణుగు, పైవాడు పలికితే గద్దింపు. సమానులిద్దరూ ఎదురెదురుగా కూర్చొని తప్పును తప్పని చెప్పుకొనే పనికి స్థిరపడిన పేరు లేదు. సహోదరులు అన్న సంబోధన సమానత్వాన్ని ప్రకటిస్తున్నా క్రియలు నిచ్చెనమెట్లను కాపాడుతున్నాయి.

కొలొస్సయి 3:13లో మరో సూక్ష్మం ఉంది. ఒకరిమీద ఒకరికి ఫిర్యాదు ఉన్నట్లయితే క్షమించుకోవాలన్నది గ్రీకు వాక్య భావం. తెలుగులో ఆ ఫిర్యాదు, హాని జరిగిందని ఒకడు 'అనుకొను' విషయంగా మారింది. క్షమకు ముందుండాల్సిన సత్యం అనుమానపు మెట్టుకు జారింది. హాని నిజమని ఒప్పుకొంటేనే క్షమకు బరువు. జరిగిందనుకొన్న హానిని క్షమించడం అపోహను వదులుకోవడంతో సమానం.

వీటికి భిన్నంగా నిలిచే మాట గలతీ 2:11లో ఉంది. అన్యజనులతో కలిసి భోంచేస్తూ వచ్చిన పేతురు, కొందరికి భయపడి పంక్తి విడిచి వెనక్కి తగ్గినప్పుడు పౌలు అతణ్ణి ముఖాముఖిగా 'ఎదిరించాడు'. సహపంక్తి భోజనం నుండి తప్పుకోవడమే ఇక్కడి తప్పు. సహపంక్తి నిరాకరణ ఏమిటో తెలుగు పాఠకునికి వివరించనక్కరలేదు. ఈ ఫిర్యాదును పౌలు వెనుక పలకలేదు, అందరి ఎదుట పలికాడు. పైగా ఒక పత్రికలో రాసి పెట్టాడు.

కూలి మొఱ్ఱ

తిరిగి యాకోబు ఐదవ అధ్యాయానికి వస్తే, సణుగుడును నిషేధించిన వచనానికి ఐదు వచనాల ముందే మరో ధ్వని ఉంది. పొలం కోసిన కూలీలకు ఇవ్వకుండా పట్టి ఉంచిన కూలి తానే 'మొఱ్ఱ' పెడుతున్నదని, ఆ కేకలు ప్రభువు చెవిని చేరాయని యాకోబు అంటాడు. తరువాత ఓర్పుకు ఉదాహరణగా తొలకరి, కడవరి వానలకోసం ఎదురుచూసే రైతును చూపుతాడు. ఆ వెంటనే వచ్చేదే సణగవద్దన్న మాట. కూలి ఎగవేత, నిరీక్షణ, సణుగుడు అన్న ఈ వరుస యాదృచ్ఛికం కాదు. అన్యాయానికి గురై, న్యాయం ఆలస్యమైనప్పుడు మనుషులు ఆ కసిని అందని యజమానిమీద కాక, అందుబాటులో ఉన్న తోటివాడిమీద తీర్చుకుంటారు. యాకోబు ఆపదలచినది ఈ పక్కదారినే. మొఱ్ఱను అతడు ఎక్కడా ఆపమనలేదు. అది దేవుని చెవికి చేరిందని సాక్ష్యమిచ్చాడు. గుమ్మం దగ్గర న్యాయాధిపతి ఉన్నాడన్న మాట సణిగేవాడికి హెచ్చరిక అయినట్లే, మొఱ్ఱపెట్టినవాడికి భరోసా కూడా.

అధ్యాయంలోని ధనికులు సంఘంలోపలివారా, వెలుపలివారా అన్న విషయంలో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు. రెండవ అధ్యాయంలో మాత్రం సందేహానికి తావు లేదు. ఉంగరం తొడిగిన ధనికుడికి మంచి ఆసనం చూపి, మాసిన బట్టల పేదవాణ్ణి నిలబెట్టే విశ్వాసులను యాకోబు బాహాటంగా తప్పుపట్టాడు. సణగవద్దన్న రచయితే సాటి విశ్వాసులపై ఇంత సూటి ఫిర్యాదు రాశాడు. రెంటికీ వైరుధ్యం లేదు. ఒకదానికి చిరునామా లేదు, రెండవదానికి ఉంది.

సాటి భక్తులపై మొఱ్ఱకు ఆధునిక తెలుగు కవిత్వంలో గొప్ప ఉదాహరణ గుర్రం జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలం'. దాని కథానాయకుడు శివభక్తుడు. అతణ్ణి గుడి వెలుపల నిలిపింది పరమతస్థులు కారు, అదే శివుణ్ణి కొలిచేవారు. మనిషికి లేని ఆలయప్రవేశం గబ్బిలానికి ఉన్నందువల్ల అతడు తన గోడును దానితో శివుడికి పంపుతాడు. క్రైస్తవ కుటుంబంలో పెరిగి, కులావమానం అనుభవించిన కవి, మేఘసందేశపు చట్రంలో ప్రేమసందేశానికి బదులు అభియోగాన్ని నింపాడు. చిరునామా, దూత, మార్గం మూడూ ఉండటం వల్లే ఆ దుఃఖం సణుగుడు స్థాయిని దాటి కావ్యమైంది. యాకోబు కూలీల మొఱ్ఱకూ, జాషువ నాయకుని సందేశానికీ మత సందర్భాలు వేరు. అయినా తోటి ఆరాధకులు మూసిన తలుపును దాటి దైవం చెవికే ఫిర్యాదు చేర్చే నిర్మాణం ఒక్కటే.

నిషేధం ఎవరిపై బరువు?

సణగవద్దన్న ఉపదేశానికి నిజమైన విలువ ఉంది. ఎదుట లేని మనిషి తరఫున అది నిలబడుతుంది. చిన్న సంఘాల్లో ఒక మాట పదినోళ్లు దాటి పగగా మారడం అరుదు కాదు. నాలుకను నిప్పుతో పోల్చిన యాకోబుకు (3:5–6) ఈ ప్రమాదం తెలుసు. భోజన నియమాలు, పండుగ దినాలు వంటి అభిప్రాయభేదాల్లో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా పద్నాలుగవ అధ్యాయం చెప్పేదీ ఇందుకే. రుచి, అలవాటు, స్వభావాలకు చెందిన చికాకులను ఓర్చుకోవడమే ధర్మం.

ఓర్పు పరిధిలోకి రాని ఫిర్యాదులూ ఉన్నాయి. సంఘంలోపలి కులవివక్ష అటువంటిది. భారత కాథొలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారతపై విధానపత్రం వెలువరించడం, ఈ వివక్ష కొందరి ఊహ కాదని సంస్థాగతంగా అంగీకరించడమే. దశాబ్దాల తరబడి దళిత క్రైస్తవులు గొంతు విప్పకుండా ఉంటే ఆ అంగీకారం వచ్చేది కాదు. విడి సమాధి స్థలాన్ని గురించిన ప్రశ్నను, నిధుల లెక్క అడిగిన ప్రశ్నను, స్త్రీకి జరిగిన అవమానాన్ని గురించిన ప్రశ్నను 'సణుగుడు' అనే ఒక్క మాటతో మూసివేయడం యాకోబు వచనాన్ని దాని అధ్యాయం నుండి తెంచడం. ఆ తెంపులో తెలుగు క్రియ తెలియకుండానే సాయపడింది. కిందివాడి గొంతుకు పెట్టిన పేరు కావడం వల్ల ఆ నిషేధం కిందివాడిపైనే ఎక్కువ బరువుగా పడింది.

ముగింపు

పాత అనువాదంలోని మాటలు తరాల జ్ఞాపకంలో, కీర్తనల్లో, ప్రార్థనల్లో కలిసిపోయాయి. వాటిని మార్చాలనడం తేలిక, మార్పు నిలవడం కష్టం. అంతకంటె ముందు కావలసింది చదివే పద్ధతిలో మార్పు. యాకోబు 5:9ని విడిగా కాక నాలుగవ వచనం నుండి కలిపి చదివితే మొఱ్ఱ, నిరీక్షణ, సణుగు ఒకే వాదంలోని మూడు మెట్లుగా కనిపిస్తాయి. పక్కన అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయాన్ని ఉంచితే, సణుగుడును ఆపే సరైన మార్గం దాన్ని వినడమేనని తెలుస్తుంది. భవిష్యత్ సంస్కరణల్లో ఈ వచనం కింద 'మూలుగు' అన్న అర్థాన్ని, మత్తయి 18:15 కింద 'ఒప్పుకొనజేయు' అన్న అర్థాన్ని అధోజ్ఞాపికలుగా చేర్చడం అనువాదకులు పరిశీలించదగిన అంశం.

సాటి విశ్వాసిపై సణగకుండా ఉండటం మౌనం వహించడం కాదని ఈ పదాలన్నీ కలిసి చెబుతున్నాయి. చికాకును ఓర్చుకోవాలి, తప్పును తప్పు చేసినవాడికి చెప్పాలి, అన్యాయాన్ని సంఘం ముందుంచాలి, ఎవరూ విననప్పుడు దేవునికి మొఱ్ఱపెట్టాలి. ఈ దారులన్నీ తెరిచి ఉంచిన సంఘానికే సణగవద్దని చెప్పే అర్హత ఉంటుంది.